గ్రేడ్ 2 అన్న కణితి గ్లియోబ్లాస్టోమా ఎలా అయింది? మెదడు కణితుల మాలిక్యులర్ వర్గీకరణ, చికిత్స నిర్ణయాలు

తుంగభద్ర

అందరికీ నమస్కారం. మా మేనమామగారి వయసు 57 సంవత్సరాలు. మూర్ఛ రావడంతో ఎంఆర్‌ఐ తీయించగా కుడి టెంపోరల్ భాగంలో, కాంట్రాస్ట్ ఇచ్చినా మెరవని ఒక గడ్డ కనిపించింది. మాటకూ చేతికీ ప్రమాదం లేకుండా తీయగలిగినంత భాగాన్ని మాత్రమే శస్త్రచికిత్సలో తీశారు. మొదట వచ్చిన బయాప్సీ నివేదికలో "డిఫ్యూజ్ ఆస్ట్రోసైటోమా, గ్రేడ్ 2 లక్షణాలు, మాలిక్యులర్ పరీక్షలు అవసరం" (అంటే జన్యు పరీక్షలు) అని రాశారు. గ్రేడులు 1 నుంచి 4 వరకు ఉంటాయనీ, అంకె పెరిగే కొద్దీ కణితి తీవ్రమైనదనీ విన్నాము కనుక, గ్రేడ్ 2 అన్న మాట చూసి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాము.

ఆ తరువాత వచ్చిన రెండవ నివేదికలో ఐడీహెచ్ జన్యుమార్పు లేదనీ, టెర్ట్ జన్యువు ప్రమోటర్‌లో (జన్యువును నడిపే భాగంలో) మార్పు ఉందనీ, 7వ క్రోమోజోమ్ అదనంగా ఉండి 10వ క్రోమోజోమ్ పోయిందనీ, ఎంజీఎంటీ జన్యువు ప్రమోటర్‌లో మిథైలేషన్ (డీఎన్‌ఏ మీద మిథైల్ అనే రసాయన గుర్తు) ఉందనీ పేర్కొని, తుది నిర్ధారణగా "గ్లియోబ్లాస్టోమా, ఐడీహెచ్ వైల్డ్‌టైప్, గ్రేడ్ 4" అని రాశారు. ఒకే ముక్కకు రెండు నివేదికలు ఇంత దూరంగా ఎలా ఉంటాయి? రెండింటిలో ఏదో ఒకటి తప్పని మా బంధువుల వాదన. రేడియేషన్ మొదలుపెట్టకుండా మరో మూడు నెలలు వేచి చూద్దామని కొందరు అంటున్నారు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సూక్ష్మదర్శి

తుంగభద్ర గారూ, నేను పాథాలజీ విభాగంలో పనిచేస్తాను. మీ మేనమామగారి స్లైడ్లు నేను చూడలేదు కనుక సాధారణంగానే చెబుతాను. మీరు రాసిన వివరాలను బట్టి ఆ రెండు నివేదికల మధ్య వైరుధ్యం లేదు. మొదటిది సూక్ష్మదర్శినిలో కణాలు ఎలా కనిపించాయో చెప్పింది, రెండవది ఆ కణాలు ఏ జాతికి చెందినవో చెప్పింది. ఇప్పుడు అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాల ప్రకారం తుది నిర్ధారణ ఈ రెండింటినీ కలిపి చేయాలి. మొదటి నివేదిక రాసినవారు "మాలిక్యులర్ పరీక్షలు అవసరం" అని చేర్చడంలోనే వారి జాగ్రత్త తెలుస్తున్నది.

2007 నాటి వర్గీకరణలో అంతా కంటి చూపు మీదే ఆధారపడేది. కణ విభజన ఎంత ఉంది, కొత్త రక్తనాళాలు పుట్టాయా, మధ్యలో కణజాలం చచ్చిపోయిందా అనే అంశాలను చూసి గ్రేడ్ ఇచ్చేవాళ్ళం. 2016 సవరణలో తొలిసారిగా జన్యు లక్షణాలు రోగ నిర్ధారణలో భాగమయ్యాయి. 2021లో వచ్చిన అయిదవ ఎడిషన్ మరింత ముందుకు వెళ్ళి, పెద్దవారిలో మెదడంతా పాకే గ్లియోమాలను, అంటే మెదడులోని ఆధార కణాల తరహా కణితులను, మూడు జాతులకు కుదించింది. ఐడీహెచ్ మార్పు ఉన్న ఆస్ట్రోసైటోమా ఒకటి. ఐడీహెచ్ మార్పుతో పాటు 1పి, 19క్యూ క్రోమోజోమ్ భాగాలు రెండూ పోయిన ఆలిగోడెండ్రోగ్లియోమా ఇంకొకటి. ఐడీహెచ్ మార్పు లేని గ్లియోబ్లాస్టోమా మూడవది. ఐడీహెచ్ మార్పు లేని డిఫ్యూజ్ ఆస్ట్రోసైటిక్ కణితిలో టెర్ట్ ప్రమోటర్ మార్పు, ఈజీఎఫ్‌ఆర్ జన్యువు అనేక ప్రతులుగా పెరగడం, 7వ క్రోమోజోమ్ అధికమై 10వది పోవడం అనే మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా, పెద్దవారిలో అది గ్లియోబ్లాస్టోమాయే. చూడడానికి ఎంత మెత్తగా ఉన్నా సరే. మీరు రాసినదాంట్లో మూడింటిలో రెండు ఉన్నాయి.

బయాప్సీలో వచ్చినది కణితిలో ఒక మూల మాత్రమే కావచ్చు. కణ విభజన ఎక్కువగా ఉన్న చోటు సూదికి దొరకకపోవచ్చు, లేదా కణితి ఆ రూపం దాల్చే ముందు దశలోనే మనకు చిక్కి ఉండవచ్చు. జన్యు లక్షణాలు మాత్రం సాధారణంగా ఏ మూల తీసినా కనిపిస్తాయి.

నల్లమల

ఒక సందేహం. ఒక జన్యువులో ఒక అక్షరం మారినంత మాత్రాన కణితి స్వభావం అంతగా మారిపోతుందా? చూపుకు దొరికే లక్షణాల కంటే దానిని ఎక్కువగా నమ్మడానికి ఆధారం ఏమిటి?

జీవకణం

నల్లమల గారి ప్రశ్న సమంజసమైనది. గ్లియోబ్లాస్టోమాల జన్యువులను చదివే క్రమంలో 2008లో ఐడీహెచ్1 మార్పు బయటపడింది. చిన్న వయసువారిలోనూ, తక్కువ గ్రేడ్ కణితులు క్రమంగా పెరిగి గ్రేడ్ 4గా మారినవారిలోనూ అది ఎక్కువగా కనిపించింది. మొదటి నుంచే గ్లియోబ్లాస్టోమాగా పుట్టిన వాటిలో అరుదుగా కనిపించింది. అంటే ఒకే పేరు కింద రెండు వేర్వేరు జబ్బులను కలిపి చూస్తున్నామని అప్పుడు అర్థమైంది.

ఐడీహెచ్1 అనే ఎంజైమ్ మామూలుగా కణంలో ఐసోసిట్రేట్ అనే పదార్థాన్ని ఆల్ఫా-కీటోగ్లూటరేట్‌గా మారుస్తుంది. అందులో 132వ స్థానంలో ఆర్జినిన్ బదులు మరో అమైనో ఆమ్లం, చాలావరకు హిస్టిడిన్, చేరితే ఆ ఎంజైమ్ తన పని మానేసి 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థాన్ని తయారుచేయడం మొదలుపెడుతుంది. 2009లో దీనిని గుర్తించారు. ఆ పదార్థం కణంలో పేరుకుని, డీఎన్‌ఏ మీద ఉండే మిథైల్ గుర్తులను తొలగించే ఎంజైమ్‌లను అడ్డుకుంటుంది. ఫలితంగా జన్యుపటం పొడవునా మిథైలేషన్ పెరిగి, కణం పరిపక్వం కాకుండా ఆగిపోతుంది. కాబట్టి అది ఒక్క అక్షరం మార్పే అయినా, దాని ప్రభావం కణంలోని వేలాది జన్యువుల నడక మీద పడుతుంది. ఇది కణితి పుట్టుకలో చాలా తొలి దశలో జరిగే మార్పు కనుకనే గడ్డలోని దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుంది.

ఐడీహెచ్ మార్పు లేని కణితికి ఈ దారి లేదు. అది టెర్ట్ ద్వారా టెలోమియర్‌లను (క్రోమోజోమ్‌ల చివరలను) కాపాడుకుంటూ, ఈజీఎఫ్‌ఆర్ వంటి వృద్ధి సంకేతాలతో వేగంగా పెరుగుతుంది. రెండు దారులు వేరు, రోగుల జీవితకాలాలు వేరు.

కిరణచికిత్స

రేడియేషన్ ఆంకాలజీ వైపు నుంచి చెబుతాను. ఇక్కడ పేరు మారితే దానితో పాటు చికిత్స కూడా మారుతుంది. వేచి చూడవచ్చా అన్న ప్రశ్నకు సమాధానం అందులోనే ఉన్నది.

ఒకవేళ ఇదే గ్రేడ్ 2 గడ్డ 32 ఏళ్ళ వ్యక్తిలో, ఐడీహెచ్ మార్పుతో వచ్చి, శస్త్రచికిత్సలో దాదాపు పూర్తిగా తీయగలిగి ఉంటే, వెంటనే రేడియేషన్ ఇవ్వకుండా నియమిత కాలంలో ఎంఆర్‌ఐలు తీస్తూ గమనించడం ఎన్నో కేంద్రాల్లో ఆమోదించిన పద్ధతి. ముప్పు ఎక్కువగా ఉన్న గ్రేడ్ 2 రోగులకు, అంటే వయసు 40 దాటినవారికి లేదా గడ్డ పూర్తిగా తీయలేకపోయినవారికి, రేడియేషన్ తరువాత పీసీవీ అనే మూడు మందుల కీమోథెరపీ చేర్చితే జీవితకాలం మీడియన్ లెక్కన 7.8 సంవత్సరాల నుంచి 13.3 సంవత్సరాలకు పెరిగిందని ఆర్‌టీఓజీ 9802 అధ్యయనం చూపింది. మీడియన్ అంటే సగం మంది రోగులు అంతకు మించి జీవించిన కాలం.

ఐడీహెచ్ మార్పు లేని గ్లియోబ్లాస్టోమాకు అంత వ్యవధి లేదు. అందులో వేచి చూడడానికి వైద్యపరమైన ఆధారం ఏదీ లేదు. 2005లో ప్రచురితమైన అధ్యయనంలో 573 మంది రోగులను చేర్చుకుని, రేడియేషన్ మాత్రమే ఇచ్చినవారినీ, రేడియేషన్‌తో పాటు టెమోజోలమైడ్ మాత్రలు ఇచ్చినవారినీ పోల్చారు. జీవితకాలం మీడియన్ లెక్కన 12.1 నెలల నుంచి 14.6 నెలలకు పెరిగింది. అది చిన్న తేడాగా తోచవచ్చు, కానీ రెండేళ్ళు దాటి జీవించినవారు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. నాటి నుంచి 30 విడతల్లో 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్, దానితో రోజూ టెమోజోలమైడ్, ఆపైన నెలకు అయిదు రోజుల చొప్పున ఆరు విడతల మాత్రలు అన్నది ప్రమాణ చికిత్సగా నిలిచింది. మీ మేనమామగారికి డాక్టర్లు సూచిస్తున్నది బహుశా ఇదే.

"గ్రేడ్ 2" అన్న మాటను పట్టుకుని మూడు నెలలు ఆగవద్దని మీ బంధువులకు దయచేసి నచ్చజెప్పండి.

నల్లమల

జీవకణం గారికి ధన్యవాదాలు. అయితే ఖర్చు సంగతి కూడా మాట్లాడుకోవాలి. మా ఇంట్లో ఒకరికి ఇదే జబ్బు వచ్చినప్పుడు ఎంజీఎంటీ పరీక్ష కోసం విడిగా డబ్బు కట్టాము. మిథైలేషన్ లేదని వచ్చింది. అయినా టెమోజోలమైడే ఇచ్చారు. ఉన్నా అదే మందు, లేకున్నా అదే మందు అయినప్పుడు ఆ పరీక్ష వల్ల సామాన్య కుటుంబానికి ఒరిగేదేమిటి? ఈజీఎఫ్‌ఆర్ సంగతీ అంతే. ఊపిరితిత్తుల కేన్సర్‌లో ఈజీఎఫ్‌ఆర్ మందులు పనిచేస్తాయని విని ఆశపడ్డాము. మెదడు కణితిలో అవి పనిచేయవని తరువాత చెప్పారు.

కిరణచికిత్స

మీ అభ్యంతరంలో న్యాయం ఉన్నది. గ్లియోబ్లాస్టోమాలో ఈజీఎఫ్‌ఆర్‌ను గురిపెట్టిన మందులు ఇంతవరకు జీవితకాలాన్ని పెంచలేదు. అక్కడ ఆ పరీక్ష జబ్బును గుర్తించడానికి మాత్రమే పనికొస్తున్నది.

ఎంజీఎంటీ విషయం వేరు. టెమోజోలమైడ్ డీఎన్‌ఏ మీద చేసే గాయాన్ని మరమ్మతు చేసే ప్రోటీన్ అది. దాని ప్రమోటర్ మీద మిథైలేషన్ ఉంటే ఆ మరమ్మతు తగ్గిపోయి మందు బాగా పనిచేస్తుంది. 2005 అధ్యయనంలోని నమూనాలను పరీక్షించినప్పుడు, మిథైలేషన్ ఉండి రెండు చికిత్సలూ పొందినవారి జీవితకాలం మీడియన్ లెక్కన 21.7 నెలలు, రేడియేషన్ మాత్రమే పొందినవారిది 15.3 నెలలు. మిథైలేషన్ లేనివారిలో ఆ తేడా 12.7కూ 11.8కూ మధ్య మాత్రమే. నడివయసు రోగికి మిథైలేషన్ లేకపోయినా వేరే మెరుగైన మందు చేతిలో లేక టెమోజోలమైడ్ ఇస్తాము. మీ ఇంట్లో జరిగినది అదే.

అయితే 70 దాటి, బలహీనంగా ఉండి, ఆరు వారాల రేడియేషన్‌కు ఆసుపత్రి చుట్టూ తిరగలేని రోగి విషయంలో ఈ ఒక్క పరీక్షే దారిని నిర్ణయిస్తుంది. వృద్ధుల మీద 2012లో వెలువడిన నార్డిక్, ఎన్‌ఓఏ-08 అధ్యయనాల ప్రకారం మిథైలేషన్ ఉన్నవారికి మాత్రలతో మాత్రమే చికిత్స చేయవచ్చు. లేనివారికి తక్కువ కాలపు రేడియేషన్ మేలు. 2017లో వచ్చిన మరో అధ్యయనంలో 65 దాటినవారికి 15 విడతల్లో 40 గ్రే రేడియేషన్‌కు మాత్రలు జతచేసినప్పుడు, మిథైలేషన్ ఉన్నవారి జీవితకాలం 7.7 నెలల నుంచి 13.5 నెలలకు పెరిగింది. శ్రీకాకుళం పల్లె నుంచి విశాఖకో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో రోజూ రాలేని వృద్ధులకు ఈ తేడా ఎంత ముఖ్యమో మీరే ఊహించండి.

పెన్నాతీరం

ఈ చర్చ చదువుతుంటే రాయకుండా ఉండలేకపోతున్నాను. మావారికి 2014లో ఆపరేషన్ జరిగినప్పుడు నివేదికలో "అనాప్లాస్టిక్ ఆలిగోఆస్ట్రోసైటోమా" అని రాశారు. అంటే రెండు రకాల కణాలు కలిసి ఉన్నాయన్నమాట. చాలా ఏళ్ళ తరువాత ఇంకో డాక్టరుగారు ఆ పేరును ఇప్పుడు దాదాపుగా ఎవరూ వాడరని చెప్పి, పాత పారఫిన్ బ్లాక్ (మైనంలో భద్రపరిచిన కణితి ముక్క) తెప్పించి, క్రోమోజోమ్ భాగాలు ఉన్నాయో లేదో చూసే 1పి/19క్యూ ఫిష్ పరీక్ష చేయించారు. రెండు భాగాలూ పోయాయని తేలింది. అది అసలు ఆలిగోడెండ్రోగ్లియోమా. మా మనసుకు అప్పుడు కలిగిన నిబ్బరం ఇంతా అంతా కాదు. తిరిగి చికిత్స అవసరమైనప్పుడు ఏ మందులు అన్న చర్చ కూడా ఆ ఫలితం మీదే నడిచింది.

ఇదే రోగంతో బాధపడే కుటుంబాలకు నా విన్నపం ఒక్కటే. ఆసుపత్రిలో బ్లాకులు ఎంతకాలం ఉంచుతారో అడిగి తెలుసుకోండి. పాత బ్లాక్ ఉంటే కొత్త పరీక్షకు మళ్ళీ తల తెరవనక్కరలేదు.

సూక్ష్మదర్శి

పెన్నాతీరం గారూ, సరిగ్గా ఇలాంటి సందర్భాల వల్లనే ఆ మిశ్రమ పేరు తెరమరుగైంది. జన్యు పరీక్ష చేస్తే ఆ కణితులు దాదాపు ఎప్పుడూ అటో ఇటో తేలిపోతాయి.

ఆర్‌టీఓజీ 9402 అనే అధ్యయనంలో గ్రేడ్ 3 కణితులున్న రోగులందరినీ కలిపి చూసినప్పుడు పీసీవీ వల్ల లాభం కనిపించలేదు. రెండు భాగాలూ పోయినవారిని విడిగా చూస్తే రేడియేషన్ మాత్రమే పొందినవారి జీవితకాలం 7.3 సంవత్సరాలు, దానికి పీసీవీ జతచేసినవారిది 14.7 సంవత్సరాలు. మాలిక్యులర్ వర్గీకరణ లేకపోతే ఆ మందు పనిచేయదని పక్కన పెట్టేవారేమో. వర్గీకరణ వల్ల ఏమి లాభం అని ఎవరు అడిగినా నేను చూపే మొదటి ఉదాహరణ ఇది.

ప్రవాసి_న్యూజెర్సీ

మా తమ్ముడికి ఐడీహెచ్1 మార్పు ఉన్న గ్రేడ్ 2 ఆస్ట్రోసైటోమా. శస్త్రచికిత్స తరువాత కొంత మిగిలింది. ఇప్పుడు వొరాసిడెనిబ్ మాత్ర రోజుకు ఒకటి వేసుకుంటున్నాడు. మారిన ఐడీహెచ్ ఎంజైమ్‌నే ఆపే మందు ఇది. అమెరికాలో ఎఫ్‌డీఏ 2024 ఆగస్టు 6న, 12 ఏళ్ళు నిండిన, ఐడీహెచ్ మార్పు ఉన్న గ్రేడ్ 2 రోగులకు శస్త్రచికిత్స తరువాత వాడడానికి దీనిని ఆమోదించింది. 331 మంది మీద జరిగిన ఇండిగో అధ్యయనంలో జబ్బు ముదరకుండా ఉన్న కాలం మీడియన్ లెక్కన 11.1 నెలల నుంచి 27.7 నెలలకు పెరిగింది. రేడియేషన్‌ను వాయిదా వేసుకుని, జ్ఞాపకశక్తినీ ఉద్యోగాన్నీ కొంతకాలం కాపాడుకోవడం మా తమ్ముడికి దీనివల్ల సాధ్యమవుతున్నది. కాలేయం ఎంజైమ్‌లు పెరగవచ్చు కనుక తరచుగా రక్తపరీక్షలు చేస్తారు.

తుంగభద్ర గారూ, ఈ మందు గురించి విని మీకు ఎవరైనా ఫోన్లు చేయవచ్చు. అయితే మీ మేనమామగారి కణితిలో ఐడీహెచ్ మార్పే లేదు కనుక ఆ మందుకు పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. దాని కోసం డబ్బు, సమయం వృథా చేసుకోవద్దు.

జీవకణం

పై మాటకు ఒక చేర్పు. ఐడీహెచ్ మార్పు ఉన్న ఆస్ట్రోసైటోమాలన్నీ ఒకే తీరుగా ఉండవు. వాటిలో సీడీకేఎన్2ఏ/బి జన్యువులు రెండు ప్రతుల్లోనూ పోయి ఉంటే, స్లైడులో గ్రేడ్ 2గా కనిపించినా 2021 నియమాల ప్రకారం అది గ్రేడ్ 4. కనుక ఐడీహెచ్ మార్పు ఉందని తేలగానే నిశ్చింతగా ఉండకుండా ఆ జన్యువుల సంగతి కూడా అడగాలి.

చిన్నారితండ్రి

పిల్లల విషయం ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. మా అమ్మాయికి చిన్నమెదడులో మెడుల్లోబ్లాస్టోమా వచ్చింది. డబ్ల్యూఎన్‌టీ, ఎస్‌హెచ్‌హెచ్, గ్రూప్ 3, గ్రూప్ 4 అని దానిలో నాలుగు మాలిక్యులర్ రకాలు ఉన్నాయనీ, మా అమ్మాయిది డబ్ల్యూఎన్‌టీ రకమనీ, నాలుగింటిలో అది అన్నిటికంటే బాగా నయమవుతుందనీ డాక్టర్లు చెప్పారు. అంత బాగా నయమయ్యేదైతే వెన్నెముక అంతటికీ రేడియేషన్ ఎందుకు, అది మానేయకూడదా అని నేను గట్టిగా అడిగాను. ఎదిగే పిల్లకు ఆ రేడియేషన్ చేసే చేటు అందరికీ తెలిసినదే కదా.

కిరణచికిత్స

ఆ ప్రశ్న ప్రపంచమంతటా అడిగారు, మన దేశంలోనూ అడిగారు. ముంబయిలోని టాటా మెమోరియల్ కేంద్రంలో డబ్ల్యూఎన్‌టీ రకం పిల్లలకు మెదడు, వెన్నెముక అంతటికీ కాక కణితి ఉన్న చోటుకు మాత్రమే రేడియేషన్ ఇచ్చి చూశారు. ఇతర చోట్ల జబ్బు తిరిగి రావడంతో ఆ అధ్యయనాన్ని ముందుగానే ఆపివేశారు. ఇప్పుడు పూర్తిగా మానడం కాకుండా, మామూలుగా ఇచ్చే 23.4 గ్రే మోతాదును తగ్గించి ఇవ్వడం మీద అధ్యయనాలు సాగుతున్నాయి. వర్గీకరణ మంచి రకమని చెప్పినా, చికిత్సను ఎంతవరకు తగ్గించవచ్చో అధ్యయనమే తేల్చాలి. మీ డాక్టర్లు మీ మాట వినకపోవడం మీ అమ్మాయి మేలుకే.

తుంగభద్ర

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చలోని వివరాలు చదివి వినిపించాక ఇంట్లోవారు రేడియేషన్‌కు ఒప్పుకున్నారు. ఒక చిన్న సందేహం మిగిలింది. మొదట చేసిన ఐడీహెచ్ రంగు పరీక్షలో మార్పు లేదని వచ్చాక కూడా మళ్ళీ సీక్వెన్సింగ్ (జన్యువును అక్షరం అక్షరం చదివే పరీక్ష) చేయించారు. అది అనవసరమని ఒకరు అన్నారు. అలాగే ఎంజీఎంటీ మిథైలేషన్ ఉన్నందుకు అదనంగా ఏదైనా చేయవచ్చా?

సూక్ష్మదర్శి

మొదటి ప్రశ్నకు నా సమాధానం. రంగు పరీక్ష, అంటే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ, ఐడీహెచ్1లో ఆర్132హెచ్ అనే ఒక్క మార్పునే పట్టుకుంటుంది. ఐడీహెచ్ మార్పుల్లో దాదాపు 90 శాతం అదే, మిగిలినవి దానికి దొరకవు. వయసు 55 దాటి, స్లైడులో స్పష్టంగా గ్లియోబ్లాస్టోమా కనిపిస్తే రంగు పరీక్షతో ఆగవచ్చు. మీ మేనమామగారి వయసు ఆ హద్దు దాటినా, స్లైడులో కనిపించినది గ్రేడ్ 2. అలాంటప్పుడు సీక్వెన్సింగ్ చేయించడమే సరైన పద్ధతి. వారు అనవసరంగా ఖర్చు పెట్టించలేదు.

ఖర్చు తగ్గించే చోటు వేరే ఉన్నది. ఐడీహెచ్ మార్పు ఉండి, ఏటీఆర్ఎక్స్ రంగు పరీక్షలో కణాలు ఆ ప్రోటీన్‌ను కోల్పోయినట్టు తేలితే అది ఆస్ట్రోసైటోమాయే. 1పి/19క్యూ పరీక్ష మళ్ళీ చేయనక్కరలేదు. మన దగ్గర వనరులు తక్కువగా ఉన్న ప్రయోగశాలలకు ఈ వరుస ఎంతో ఉపయోగపడుతున్నది.

ఇక టెర్ట్ మార్పు ఒక్కటే ఉండి, మిగిలిన రెండూ లేకుండా, స్లైడు గ్రేడ్ 2గా ఉన్నప్పుడు నేనైతే తొందరపడను. ఆ మార్పు వేరే రకాల కణితుల్లోనూ ఉంటుంది. అలాంటి చోట డీఎన్‌ఏ మిథైలేషన్ పటాన్ని చూడడం మేలు. జర్మనీలోని హైడెల్‌బర్గ్ బృందం 2018లో ప్రకటించిన ఆ పద్ధతి వల్ల పరీక్షించిన కణితుల్లో 12 శాతం వరకు నిర్ధారణ మారింది. మీ విషయంలో 7, 10 క్రోమోజోమ్‌ల మార్పు కూడా ఉన్నది కనుక అంత సందేహం లేదు.

కిరణచికిత్స

రెండవ ప్రశ్నకు నేను చెబుతాను. మిథైలేషన్ ఉన్న 70 లోపు రోగులకు టెమోజోలమైడ్‌తో పాటు లోముస్టిన్ అనే మందు కూడా ఇచ్చి చూసిన జర్మనీ అధ్యయనం 2019లో వెలువడింది. జీవితకాలం మీడియన్ లెక్కన 31.4 నెలల నుంచి 48.1 నెలలకు పెరిగింది. అయితే అందులో పాల్గొన్నవారు 150 మందికి లోపే. రక్తకణాలు పడిపోవడం వంటి దుష్ఫలితాలు కూడా ఎక్కువ. అందుకే కొన్ని కేంద్రాలు దానిని వాడుతున్నాయి, కొన్ని వాడడం లేదు. మీ మేనమామగారి రక్తకణాల స్థాయి, కాలేయం, నడక, ఓపిక చూసి ట్యూమర్ బోర్డులో (వివిధ విభాగాల డాక్టర్ల సమావేశంలో) నిర్ణయించవలసిన సంగతి అది. మీరు వెళ్ళేటప్పుడు రెండు నివేదికలనూ, శస్త్రచికిత్స తరువాతి ఎంఆర్‌ఐనీ తీసుకువెళ్ళి, "మిథైలేషన్ ఉన్నందున లోముస్టిన్ చేర్చడం గురించి మీ అభిప్రాయం ఏమిటి" అని నేరుగా అడగండి. వద్దని అంటే కారణం కూడా అడిగి రాసుకోండి. బీఆర్ఏఎఫ్ జన్యువులో వీ600ఈ అనే మార్పు పరీక్ష జరిగిందో లేదో కూడా చూడండి. అరుదే గానీ, అది ఉంటే జబ్బు తిరిగి వచ్చినప్పుడు దానికి తగిన మందులు ఉన్నాయి.